పాత కాంక్రీటు రహదారుల పునర్వినియోగం: అమెరికా అనుభవం – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

కాలం చెల్లిన కాంక్రీటు రహదారిని పగులగొట్టి, ఆ ముక్కలనే కంకరగా మార్చి కొత్త రహదారి నిర్మించడం నేడు పర్యావరణ పరిరక్షణ చర్యగా గుర్తింపు పొందింది. అయితే ఈ పద్ధతి ప్రధానంగా అవసరం నుంచి పుట్టింది. పాత కాంక్రీటును మామూలు రాయిగా భావించినచోట ఇది దెబ్బతిన్నదనీ, దాని ప్రత్యేక స్వభావాన్ని గుర్తించినచోట ఫలించిందనీ అమెరికా అనుభవం తెలియజేస్తుంది.

నేపథ్యం

రెండవ ప్రపంచయుద్ధానంతరం జర్మనీలో కూలిన నగరాల ఇటుక శిథిలాలను పిండిచేసి కాంక్రీటులో వాడారు. అదే 1940ల దశకంలో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 66వ నంబరు రహదారి విస్తరణలో పాత కాంక్రీటు ముక్కలను పునాది పొరగా పరిచారు. పునాదిలో వాడటం సులభం. కొత్త కాంక్రీటులో కంకరగా వాడటమే అసలు పరీక్ష.

అయోవా, మిన్నెసోటా ప్రయోగాలు

మేలైన కంకర దగ్గరలో దొరకని ప్రాంతాలలో దూరం నుంచి రాయి తెప్పించడం భారమైంది. 1976లో అయోవా రాష్ట్రంలోని లయన్ కౌంటీలో 75వ నంబరు రహదారి పాత పలకలను కొత్త కాంక్రీటులో కలిపారు. పలకలను పగులగొట్టడం, ఇనుప ఊచలను వేరుచేయడం, క్రషర్‌లో నలగ్గొట్టి జల్లించడం ఈ పని క్రమం.

1980లో మిన్నెసోటా ఇంకొక అడుగు ముందుకు వేసింది. వర్తింగ్టన్ సమీపంలోని 59వ నంబరు రహదారిలో కంకర రంధ్రాలలో నీరు చేరి, గడ్డకట్టి, అతుకుల వెంబడి పగుళ్లు ఏర్పడ్డాయి. దోషం కంకరలోనే ఉన్నందున దానిని మళ్లీ వాడితే అదే జబ్బు తిరగబెట్టే ప్రమాదముంది. అందువల్ల కంకర గరిష్ఠ పరిమాణాన్ని ముప్పావు అంగుళానికి తగ్గించారు. చిన్న రాయిలోంచి నీరు త్వరగా వెలికి వస్తుంది గనుక గడ్డకట్టినపుడు కలిగే ఒత్తిడి తగ్గుతుంది.

మిషిగన్ వైఫల్యం

1980ల దశకంలో మిషిగన్ రాష్ట్రం పునర్వినియోగ కంకరతో వేసిన కొన్ని రహదారులలో పలకల నడుమ పగుళ్లు త్వరగా ఏర్పడి వెడల్పయ్యాయి. పొడవైన పలకలలో పగులు వచ్చినపుడు దాని రెండు ముఖాలలోని రాళ్లు ఒకదానినొకటి పట్టుకొని వాహనభారాన్ని అవతలి వైపుకు అందించాలి. చిన్న కంకరకు ఆ పట్టు తక్కువ. పైగా రాయికి అంటుకొని ఉన్న పాత సిమెంటు మిశ్రమం మెత్తనిది. అది తొందరగా అరిగిపోతుంది. మిన్నెసోటాలో ఔషధమైన చిన్న కంకర మిషిగన్ పలకలకు బలహీనత అయింది.

హ్యూస్టన్ పాఠం

1990ల దశకంలో టెక్సాస్ రాష్ట్రం హ్యూస్టన్‌లో 10వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి భాగాన్ని, కంకరతోపాటు ఇసుక స్థానంలోనూ పాత కాంక్రీటునే వాడి పునర్నిర్మించింది. అడ్డ అతుకులు లేకుండా నిరంతరాయంగా ఇనుప ఊచలు వేయడం వల్ల పగుళ్లు సన్నగానే నిలిచాయి. ఎదురైన చిక్కు నీటి విషయంలోనే. పాత మిశ్రమం నీటిని ఎక్కువగా పీల్చుకుంటుంది గనుక కంకర కుప్పలను తడిగా ఉంచవలసి వచ్చింది. ఆపై నలగ్గొట్టిన ఇసుక వాడకాన్ని ఆ రాష్ట్రం 20 శాతానికి పరిమితం చేసింది.

ముగింపు

భారతదేశంలో 2016లో సవరించిన ఐఎస్ 383 ప్రమాణం ఊచలు లేని కాంక్రీటులో 25 శాతం వరకు పునర్వినియోగ ముతక కంకరను అనుమతించింది. హైదరాబాదుతో సహా మన నగరాలలో ఈ కంకర ప్రధానంగా భవన శిథిలాల నుంచి వస్తుంది. రహదారి పలకలో వాడిన రాయి ఏదో, అది ఎలా దెబ్బతిన్నదో నిర్మాణ దస్తావేజులు చెప్పగలవు. మిశ్రమ శిథిలాలకు అటువంటి ఆధారం ఉండదు. మిన్నెసోటాలో పరిష్కారం దోషాన్ని ముందుగా గుర్తించడం వల్లనే సాధ్యమైంది. కనుక నేడు వేస్తున్న సిమెంటు రహదారుల కంకర వివరాలను భద్రపరచడం భావి పునర్నిర్మాణానికి తొలి మెట్టు అవుతుంది.