600 కిలోల స్పాంజి నుంచి 12.5 మిల్లీగ్రాములు

ఇవాళ ఒక మందు కథ చెప్తాను. పేరు ఎరిబులిన్. రొమ్ము క్యాన్సర్ ఒంట్లో వేరే చోట్లకి పాకిపోయి, మిగతా కీమో మందులు పనిచేయడం మానేసిన దశలో ఇస్తారు. దీని మూలం జపాన్ తీరంలో రాళ్ళకి అతుక్కుని బతికే ఒక స్పాంజి.

గిన్నెలు తోముకునే స్పాంజి కాదండీ, ఇది జంతువు. కాళ్ళు లేవు, పెంకు లేదు, పారిపోలేదు. అందుకే చాలా స్పాంజిల ఒంట్లో విషాలుంటాయి, తినడానికొచ్చిన వాటి నుంచి అదే కాపలా. కొన్నింటిలో ఆ విషం తయారుచేసేది లోపల కాపురముండే సూక్ష్మజీవులు. క్యాన్సర్ మందులు వెతికేవాళ్ళ కళ్ళు ఈ విషాల మీద పడ్డాయి. ఫ్లోరిడా స్పాంజిలో దొరికిన పదార్థాలని మోడల్‌గా తీసుకుని ల్యాబ్‌లో చేసిన సైటరబిన్‌కి 1969లోనే అమెరికాలో అనుమతి వచ్చింది. బ్లడ్ క్యాన్సర్‌కి ఇప్పటికీ వాడతారు. దానికి వేరే ఎపిసోడ్ కావాలి.

మన కథకి వద్దాం. 1980లలో హిరాటా, ఉయెమురా అనే జపాన్ శాస్త్రవేత్తలు 600 కిలోల నల్ల స్పాంజి పోగేశారు. దాన్ని వడగట్టీ వేరుచేసీ, చివరికి చేతికొచ్చిన హాలికాండ్రిన్ బి ఎంతో తెలుసా? 12.5 మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పు దీనికన్నా చాలా ఎక్కువ. కానీ ఎలుకల్లో క్యాన్సర్ మీద అది గట్టిగా పనిచేసింది. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములని చెరో పక్కకి లాగే సన్నటి తాళ్ళుంటాయి. ఈ పదార్థం ఆ తాళ్ళని పొడవు పెరగనివ్వదు. చీలడం ఆగిపోయి కణం చచ్చిపోతుంది.

మందు దొరికింది, సరుకు లేదు. న్యూజిలాండ్ దగ్గర ఇంకో రకం స్పాంజి ఒక టన్ను సముద్రంలోంచి తీస్తే, వచ్చింది సుమారు 300 మిల్లీగ్రాములు. ఆస్పత్రులన్నిటికీ ఈ లెక్కన సరఫరా చేయాలంటే మందు కన్నా ముందు స్పాంజి అయిపోతుంది.

1992లో హార్వర్డ్‌లో యోషితో కిషి బృందం ఆ అణువుని మొదటి నుంచి చివరి దాకా ల్యాబ్‌లోనే కట్టింది. ఇది ఎంత కష్టమో చిన్న లెక్క చెప్తాను, నాకు లెక్కలంటే కాస్త పిచ్చి. ఒక్కో స్టెప్పులో 90 శాతం సరుకు మిగిలిందనుకోండి, పరీక్షలో అయితే మంచి మార్కే. అలా వరసగా 30 స్టెప్పులు నడిస్తే చివర మిగిలేది 4 శాతం. అందుకే ముక్కల్ని విడివిడిగా చేసి తర్వాత అతికిస్తారు.

అసలు మలుపు ఇక్కడుంది. ఆ అణువులో ఒక సగం ఒక్కటే ఇచ్చినా క్యాన్సర్ కణాలు చస్తున్నాయని తేలింది. జపాన్ కంపెనీ ఐసాయ్ ఆ సగాన్ని పట్టుకుని, చిన్న చిన్న మార్పులు చేసుకుంటూ పోయి ఎరిబులిన్ దగ్గర ఆగింది. ఇప్పుడు దాన్ని ఫ్యాక్టరీలో 60కి పైగా స్టెప్పుల్లో తయారుచేస్తారు. ఒక్క స్పాంజినీ ముట్టుకోరు.

అదే 1992లో అమెరికాలో ఇంకో సముద్రం కథ మొదలైంది. విలియం లేన్ అనే ఆయన సొరచేపలకి క్యాన్సర్ రాదంటూ ఏకంగా పుస్తకమే వేశాడు. మరుసటి ఏడు టీవీలో వచ్చింది. ఇంకేముంది, సొరచేప మృదులాస్థి పొడి, అంటే మన చెవి దొప్పలో ఉండే మెత్తటి ఎముక లాంటిది, క్యాప్సూల్స్‌గా అమ్ముడుపోయింది. వాట్సాప్ లేని రోజుల్లోనే ఇంత ఫార్వర్డ్! సొరచేపలకీ వాటి చుట్టాలకీ కణితులొచ్చినట్టు 40కి పైగా కేసులు 2004లో ఒక్కచోట జాబితా వేశారు. పేషెంట్ల మీద సరిగ్గా పరీక్షించిన ఫలితాలు 2005లో ఒకసారి, 2007లో ఇంకోసారి వచ్చాయి. రెండుసార్లూ ఆయుష్షు పెరగలేదు. రెండో పరీక్షలో 379 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులున్నారు.

ఎరిబులిన్‌కీ అదే పరీక్ష పెట్టారు. అప్పటికే రెండు నుంచి ఐదు రకాల కీమో అయిపోయిన 762 మంది మహిళల్లో కొందరికి ఇది, మిగతావాళ్ళకి డాక్టర్ ఎంచుకున్న వేరే చికిత్స. రెండో గుంపులో సగం మంది 10.6 నెలలు దాటి బతికారు. ఎరిబులిన్ గుంపులో 13.1 నెలలు దాటి. 2010 నవంబర్‌లో అమెరికా అనుమతిచ్చింది.

రెండున్నర నెలలేనా బ్రో అని కింద కామెంట్ పెట్టేవాళ్ళుంటారు, నాకు తెలుసు. అన్ని మందులూ అయిపోయిన ఇంట్లో రెండున్నర నెలలంటే కూతురి పెళ్ళి చూడటం. సొరచేప పొడి డబ్బా కొన్నవాళ్ళకి అదీ దక్కలేదు.