జోగిని ఆచారం: ఉత్తర తెలంగాణలో బాల్యంపై సాగిన నేరం

బుగ్గారం, ధర్మపురి, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాలు 2016 అక్టోబరు 11న జగిత్యాల జిల్లాగా ఏర్పడేదాకా కరీంనగర్ జిల్లాలో భాగంగా ఉండేవి. వేములవాడతో కూడిన సిరిసిల్ల ప్రాంతం కూడా అదే రోజున కరీంనగర్ నుంచి విడిపోయి వేరే జిల్లా అయింది. ఈ ప్రాంతాల పల్లెల్లోనూ, వీటిని ఆనుకొని ఉన్న నిజామాబాద్‌లోనూ, దక్షిణాన మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ తరతరాలుగా సాగిన జోగిని ఆచారాన్ని సంస్కర్తలు మూఢనమ్మకంగా, దళిత ఉద్యమకారులు కులపీడనగా, ప్రభుత్వాలు వ్యభిచార సమస్యగా చూస్తూ వచ్చారు. ఈ మూడు చూపుల్లోనూ నిజముంది. అయితే ఆ తంతుకు బలయ్యేది ఊహ తెలియని పసిపిల్ల అనీ, ఆ పిల్లకు జరిగేది లైంగిక హింస అనీ గుర్తించడం మాత్రం చాలా ఆలస్యంగా జరిగింది.

ఆచారం నడిచే తీరు చాలాచోట్ల ఒకేలా ఉండేది. ఇంట్లో మొండి జబ్బు చేసినా, పంటలు పోయినా, మగసంతానం లేకపోయినా, ఆడపిల్ల తలవెంట్రుకలు జడలు కట్టినా అది ఎల్లమ్మ తల్లి కోరికగా భావించి పిల్లను ఆమెకు ఇస్తామని మొక్కుకొనేవారు. మొక్కుకొనేవి ఎక్కువగా భూమిలేని మాదిగ, మాల కుటుంబాలు కాగా, మొక్కు చెల్లించక తప్పదని పట్టుబట్టేది తరచుగా ఊరి పెద్దలు. బైండ్లవారు రంగురంగుల పొడులతో పట్నం వేసి, అంటే దేవత కొలువుండే పెద్ద ముగ్గు పరిచి, జమిడిక వాయిస్తూ ఎల్లమ్మ కథ చెబుతుండగా పసుపు బట్టలు కట్టిన పిల్ల మెడలో దేవత పేరిట తాళి కట్టించేవారు. ఆనాటినుంచి ఆ పిల్లకు మనువు ఉండదు. మంగళ, శుక్రవారాల్లో ఇల్లిల్లూ తిరిగి జోగు అడుక్కోవడం, జాతరల్లోనూ శవయాత్రల ముందూ ఆడడం ఆమె విధి అవుతాయి. ఈడేరిన తరువాత ఆమెను మొదట ఊరిలోని భూస్వామి, ఆపైన ఎవరైనా తమదిగా భావించవచ్చు. పుట్టిన బిడ్డలకు తండ్రి పేరు ఉండదు, ఆస్తిలో వాటా ఉండదు, తల్లి చేతిలోని జోగు గంప తప్ప వేరే ఆధారమూ ఉండదు.

వేములవాడ రాజరాజేశ్వరస్వామి ఆలయంలో నేటికీ శ్రీరామనవమి నాడు సీతారాముల కల్యాణం జరుగుతుండగా శివపార్వతులుగా పిలిచే భక్తులు, హిజ్రాలు, జోగినులు చేత త్రిశూలం పట్టుకొని, తలంబ్రాలు పోసుకొంటూ తాము శివుణ్ణి పెళ్లాడినట్లు భావిస్తారు. వయసు వచ్చినవారు తమ ఇష్టంతో దేవునికి అంకితమయ్యే ఈ భక్తినీ, పసిపిల్లను పెద్దలు ఊరికి అప్పగించే తంతునూ ఒకే గాటన కట్టడం అన్యాయం. మొదటిదానిలో నిర్ణయం భక్తులది; రెండవదానిలో నిర్ణయించేవారు వేరు, అనుభవించేది వేరొకరు.

ఈ ఆచారంపై నిజాం రాజ్యంలోనే దళితుల నుంచి నిరసన పుట్టింది. ఆది హిందూ ఉద్యమాన్ని నడిపిన భాగ్యరెడ్డి వర్మ, ఆయన సమకాలికుడు అరిగె రామస్వామి 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే జోగిని, దేవదాసీ పద్ధతులు పోవాలని సభల్లో, వాడల్లో ప్రచారం చేశారు. పక్కనే ఉన్న మద్రాసు ప్రాంతంలో ముత్తులక్ష్మి రెడ్డి మొదలుపెట్టిన కృషి 1947లో దేవదాసీ నిరోధక చట్టంగా ఫలించగా, ఆ చట్టం ఆంధ్ర ప్రాంతంతో కూడిన మద్రాసు రాష్ట్రానికే పరిమితమై, హైదరాబాదు సంస్థానంలో ఉన్న కరీంనగర్, నిజామాబాద్ పల్లెలకు అందలేదు. 1956లో రాష్ట్రం ఒక్కటైన తరువాత కూడా తెలంగాణకు వర్తించే ప్రత్యేక చట్టం 1988 దాకా రాలేదు. అయితే ఆచారం కొనసాగడానికి చట్టం లేకపోవడమే కారణమనుకోవడం సరికాదు. భారత శిక్షాస్మృతి 1951లో హైదరాబాదు రాష్ట్రానికి విస్తరించింది. మైనరు బాలికను వ్యభిచారానికి అప్పగించడాన్ని శిక్షించే 372వ సెక్షను అందులో మొదటినుంచీ ఉండేది. పదహారేళ్లు నిండని బాలిక సమ్మతి చెల్లదన్న నియమం కూడా అప్పటికే అమలులో ఉంది. చట్టం దృష్టిలో అది ఆనాడే నేరం. ఊరంతా దానిని ఆచారమని ఒప్పుకొన్నందువల్ల ఫిర్యాదు చేసే నాథుడు లేకపోయాడు.

1980లలో పరిస్థితి కదిలింది. మహాకవి జాషువా కుమార్తె హేమలతా లవణం (1932–2008), గోరా కుమారుడైన ఆమె భర్త లవణం, స్టూవర్టుపురంలో నేరస్థ జాతులుగా ముద్రపడినవారి మధ్య చేసిన పని అనుభవంతో నిజామాబాద్ జిల్లాకు వచ్చి, సంస్కార్ సంస్థ తరఫున వర్ని ప్రాంతంలో జోగినుల మధ్య పనిచేశారు. చెల్లి నిలయం ఆ కృషికి కేంద్రమైంది. జోగినికి పెళ్లి చేస్తే ఊరికి అరిష్టమన్న భయాన్ని ఉపన్యాసాలతో పోగొట్టడం సాధ్యం కాదని గ్రహించి, వారికి నలుగురి ఎదుట పెళ్లిళ్లు జరిపించడం, చేతిపని నేర్పించడం, పిల్లలను బడికి పంపించడం వంటి మార్గాలను ఎంచుకొన్నారు. పెళ్లయిన ఇంట ఏ కీడూ జరగకపోవడాన్ని ఊరు కళ్లారా చూడడం కన్న పెద్ద ప్రచారం లేదు. అప్పటి గవర్నరు కుముద్‌బెన్ జోషి ఈ ప్రయత్నానికి అండగా నిలిచారు. 1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీల సమర్పణ నిషేధ చట్టం వచ్చింది; సమర్పణలో పాల్గొన్నవారికి జైలు శిక్ష, వారు తల్లిదండ్రులో దగ్గరి బంధువులో అయితే ఇంకా ఎక్కువ శిక్ష విధించింది. 1990లో విశాల్ జీత్ కేసులో సుప్రీంకోర్టు ధర్మాసనం దేవదాసీ, జోగిని పద్ధతులను బాలికల వ్యభిచారంతో కలిపి పరిశీలించి, నివారణకు సలహా సంఘాలు వేయాలని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించింది.

1988 చట్టంలో ఒక పెద్ద లోపం ఉంది. అది తంతును శిక్షించింది గాని తంతువల్ల లాభపడినవాణ్ణి సూటిగా తాకలేదు. పిల్ల మెడలో తాళి కట్టించిన పేద తల్లికి ఎక్కువ శిక్ష, ఏళ్ల తరువాత ఆ పిల్ల గుడిసె తలుపు తట్టిన ఆసామికి ఆ చట్టం కింద ఏ శిక్షా లేకపోవడం న్యాయమనిపించుకోదు.

ఈ లోపం ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవడానికి పిల్లలపై హింసను గురించి అదే కాలంలో ప్రపంచంలో సాగిన పరిశోధన ఉపకరిస్తుంది. 1962లో అమెరికా వైద్యుడు హెన్రీ కెంప్, పిల్లల ఒంటిపై కనిపించే గాయాలకు ఇంట్లోవారే కారణం కావచ్చని రాసినప్పుడు వైద్యలోకం ఉలిక్కిపడింది. 1984లో సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ ఫింకెల్‌హోర్, పిల్లలపై లైంగిక హింస జరగాలంటే నాలుగు షరతులు నెరవేరాలని ప్రతిపాదించాడు: చేసేవాడికి ఆ కోరిక ఉండాలి, అతనిలోని సంకోచం తొలగాలి, పిల్లకు కాపలాగా ఉన్నవారు అడ్డు తప్పుకోవాలి, చివరికి పిల్ల ప్రతిఘటన అణగాలి. మామూలుగా నేరస్థుడు ఈ అడ్డంకులను రహస్యంగా, ఒంటరిగా దాటవలసి ఉంటుంది. జోగిని ఆచారంలో వాటిని ఊరే దాటించింది: దేవత ఆజ్ఞ అన్న మాట సంకోచాన్ని తీసివేసింది, కాపాడవలసిన తల్లిదండ్రుల చేతనే మొక్కు చెల్లింపజేసింది, తాను ఎదురు తిరిగితే ఇంటికి కీడు జరుగుతుందని నమ్మిన పిల్ల నోరు మెదపలేదు. నిర్మూలన కార్యక్రమాలు చాలాకాలం తల్లిదండ్రుల మూఢనమ్మకం చుట్టూనే తిరిగి, మొదటి షరతును, అంటే అనుభవించే మగవాణ్ణి, వదిలివేశాయి.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ కాస్, లైంగిక హింసపై పరిశోధనకు దశాబ్దాలు వెచ్చించి, మరో సంగతి తేల్చింది. 1987లో ప్రచురించిన సర్వేలో ఆమె బృందం 32 విద్యాసంస్థల్లో 6,159 మంది విద్యార్థులను ప్రశ్నించింది. అత్యాచారం జరిగిందా అని అడగకుండా, ఫలానా పని మీ ఇష్టానికి వ్యతిరేకంగా బలవంతంగా జరిగిందా అని విడమరచి అడిగారు. చట్టప్రకారం అత్యాచారానికి గురైన స్త్రీలలో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ మంది మాత్రమే దానిని అత్యాచారంగా గుర్తించారు. చదువుకొన్న యువతులే తమపై జరిగిన నేరాన్ని నేరమనుకోలేదంటే, పుట్టినప్పటినుంచీ అది తన రాత అని వింటూ పెరిగిన జోగిని ఫిర్యాదు చేయకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆమె మౌనాన్ని సమ్మతిగా లెక్కగట్టిన అధికారులది తప్పు.

మన దేశంలో ఈ తరహా ప్రశ్నలతో పెద్దయెత్తున జరిగిన తొలి అధ్యయనాన్ని కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించింది. ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడగా, 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపును ఎదుర్కొన్నట్లు చెప్పారు. ఎక్కువ నమోదైన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. వేధించినవారిలో దాదాపు సగం మంది పిల్లలకు తెలిసినవారే. పిల్లల్లో చాలామంది ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అయిదేళ్ల తరువాత, 2012 నవంబరు 14న, పోక్సో చట్టం అమలులోకి వచ్చింది. పద్దెనిమిదేళ్ల లోపువారందరినీ పిల్లలుగా గుర్తించే ఈ చట్టంలో ఆచారానికి మినహాయింపు లేదు, పిల్ల సమ్మతికి విలువ లేదు. బాధితురాలి వాంగ్మూలాన్ని ఆమె ఇంట్లోగాని, ఆమె కోరిన చోటగాని, సాధ్యమైనంత వరకు ఎస్సైకి తగ్గని హోదా గల మహిళా అధికారి, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. 1988 చట్టం వదిలివేసిన మగవాడు ఇప్పుడు ప్రధాన నిందితుడు.

జోగినుల సంఖ్య పూర్వంకన్న బాగా తగ్గింది, పిల్లలను అంకితమివ్వడం బహిరంగంగా జరగడం లేదు. కాని ముసలితనానికి చేరిన జోగినులకు పింఛను, ఇల్లు, వారి పిల్లలకు ధ్రువపత్రాల్లో తల్లి పేరు చాలునన్న గుర్తింపు నేటికీ అడిగి సాధించుకోవలసిన హక్కులుగానే ఉన్నాయి. వాటిని అడగకుండానే ఇవ్వడం ప్రభుత్వం తీర్చవలసిన బాకీ. ఇక కొత్తగా ఏ పల్లెలోనైనా ఆడపిల్లకు పట్నం వేస్తున్నట్లు తెలిసినవారు 1098కి ఫోన్ చేయాలి. పిల్లలపై లైంగిక నేరం జరిగిందనిగాని, జరగబోతోందనిగాని తెలిసిన ప్రతి వ్యక్తీ ఆ సంగతిని పోలీసులకు తెలియజేయాలని పోక్సో చట్టం 19వ సెక్షను చెబుతోంది. తెలిసీ చెప్పకపోవడం 21వ సెక్షను కింద శిక్షార్హమైన నేరం.