మడక నుంచి బండ దాకా: కుందూ లోయ ఎడ్ల చరిత్ర

నల్లమల, ఎర్రమల కొండల నడుమ కుందూ నది పారే లోయలో నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలు ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో భాగమైన ఈ సీమలో నల్లరేగడి విస్తారం. తడిస్తే బంకలా పట్టి, ఎండితే నెర్రెలు విచ్చి బిగుసుకుపోయే ఆ నేలను దున్నడానికి పశువుకు వేగం కన్నా బలమూ ఓర్పూ ముఖ్యమయ్యాయి. లోతుగా వేళ్లూనిన గరికను పెకలించడానికి పెద్ద మడకను, అంటే బరువైన నాగలిని, ఒకదాని ముందొకటిగా కట్టిన అనేక జతల ఎడ్లతో లాగించడం పూర్వకాలపు సేద్య పద్ధతి. బండలాగుడు పోటీని ఈ సేద్యం నుంచి విడదీసి అర్థం చేసుకోవడం సాధ్యం కాదు. పొలంలో ఎద్దుకు ఏ గుణం కావాలో పోటీ దాన్నే ఊరందరి ఎదుట పరీక్షించింది.

పోటీలో ఒక జత ఎద్దులు కాడి మోసి, గొలుసుతో కట్టిన రాతిబండను నిర్ణీత సమయంలో ఎన్ని అడుగుల దూరం లాగాయో కొలిచి విజేతను నిర్ణయిస్తారు. పళ్లను బట్టి పశువు వయసు తెలుస్తుంది కనుక విభాగాలకు ఆ పేర్లే స్థిరపడ్డాయి: పాలపళ్లు ఇంకా ఊడని కోడెలది పాలపళ్ల విభాగం, తర్వాత వరుసగా రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, చివరికి సీనియర్స్. ఈ విధంగా ఒక గిత్త జీవితం మెట్టుమెట్టుగా సాగే క్రీడాకారుడి ప్రస్థానాన్ని పోలి ఉంటుంది. నవనందుల క్షేత్రాల నడుమ వెలసిన నంద్యాల పరిసరాల్లో, ముఖ్యంగా మహానంది వంటి చోట్ల, నందిని కొలిచే భక్తి కూడా ఈ వేడుకకు తోడై ఎద్దుకు గౌరవం పెంచింది.

ఈ పోటీల్లో పేరు మోసిన ఒంగోలు జాతి చరిత్ర సముద్రం ఆవల కూడా సాగింది. 1868లో ఒక జత పశువులు బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో దిగాయి. నెల్లూరు పేరు మీదుగా అక్కడ ఆ జాతి ‘నెలోర్’ అయింది. ఒంగోలు సమీపంలోని కరవది పేరే పెట్టిన గిత్త 1960ల ఆరంభంలో అక్కడికి చేరి, ఆ జాతి వృద్ధికి మూలపురుషులలో ఒకటిగా నిలిచింది. వేడిని, కీటకాలను తట్టుకునే గుణం వల్ల నెలోర్ నేడు బ్రెజిల్ పశుసంపదలో సింహభాగం అయింది. అయితే అక్కడ దాన్ని పెంచింది మాంసానికే గాని కాడికి కాదు.

స్వదేశంలో ట్రాక్టర్ వచ్చాక మడక, గుంటక, గొర్రు లాగే పని తగ్గి, ఉలవలు పెట్టి కోడెలను సాకే రైతుకు బండలాగుడే ప్రధానమైన ప్రోత్సాహంగా మిగిలింది. బలాన్ని, పట్టుదలను చూసి ఎద్దును ఎంచుకునే పాత విద్య ఈ పోటీల వల్లనే ఇంకా బతికి ఉంది. అందుచేత వీటిని కాపాడవలసిందే. కానీ చెర్నాకోల దెబ్బతోనో, ముల్లుగర్ర పోటుతోనో సాధించిన అడుగులు ఎద్దు బలానికి కొలత కావు. పశువును హింసించని పోటీయే కుందూ లోయ రైతు ఎద్దు రుణం తీర్చుకోగల మార్గం.