బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు: గోప్యత, భద్రతల కోసం ఎంపిక

క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ వంటి బ్రౌజర్లకు తోడుగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాములను ఎక్స్‌టెన్షన్లు లేదా యాడ్-ఆన్‌లు అంటారు. ప్రకటనలను ఆపడానికి, సైటు నుంచి సైటుకు వెంటపడే ట్రాకర్లను అడ్డుకోవడానికి, పాస్‌వర్డ్‌లు భద్రపరచుకోవడానికి వీటిని వాడతారు. అయితే ట్రాకర్‌ను పట్టుకోవాలంటే సాధారణంగా ఎక్స్‌టెన్షన్ కూడా ప్రతి పేజీనీ చూడాల్సి వస్తుంది. అన్ని వెబ్‌సైట్లలోని డేటాను చదవడానికి, మార్చడానికి అనుమతి అడిగేది అందుకే. బ్యాంకు ఖాతా, మెయిల్, ఆసుపత్రి రిపోర్టు అన్నీ అందులోకే వస్తాయి. కాబట్టి ఎక్స్‌టెన్షన్ ఏం చేస్తుందో చూసేముందు అది ఎవరి చేతిలో ఉందో చూడాలి.

కంచే చేను మేసిన సందర్భాలు

సైట్లు నమ్మదగినవో కావో చెప్పే వెబ్ ఆఫ్ ట్రస్ట్ అనే ఎక్స్‌టెన్షన్ ద్వారా వాడుకరుల బ్రౌజింగ్ చరిత్ర అమ్మకానికి వెళ్తోందని 2016లో జర్మనీ ప్రసార సంస్థ ఎన్‌డీఆర్ బయటపెట్టింది. యాంటీవైరస్ సంస్థ అవాస్ట్‌దీ ఇదే దారి. దాని ఎక్స్‌టెన్షన్లు, సాఫ్ట్‌వేర్ సేకరించిన సమాచారాన్ని అనుబంధ సంస్థ జంప్‌షాట్ అమ్ముకుంది. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ వ్యవహారంలో కోటీ 65 లక్షల డాలర్లు కట్టించింది.

మంచి ఎక్స్‌టెన్షన్ కూడా చేతులు మారవచ్చు. వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చే గ్రేట్ సస్పెండర్‌ను దాని రూపకర్త 2020లో అమ్మేశారు. మరుసటి ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్‌వేర్‌గా ప్రకటించి తొలగించింది. ఒక్కోసారి అమ్మకమూ అక్కర్లేదు. సమాచార భద్రతే వ్యాపారమైన సైబర్‌హేవెన్ ఉద్యోగి ఒకరు 2024 డిసెంబరులో దొంగ మెయిల్‌కు మోసపోగా, హానికరమైన కోడ్ ఆ సంస్థ ఎక్స్‌టెన్షన్‌లో చేరి క్రిస్మస్ రోజున అప్‌డేట్ రూపంలో వాడుకరులకు చేరింది. అప్‌డేట్లు మనల్ని అడగకుండానే దిగుతాయి కదా! స్టోరులోని నక్షత్రాలు, డౌన్‌లోడ్ లెక్కలు నిన్నటి యజమాని సంపాదించినవి కావచ్చు.

రెండు యూబ్లాక్‌లు

పేరు చూసి మోసపోయే వీలు ఇక్కడే ఎక్కువ. రేమండ్ హిల్ 2014లో యూబ్లాక్ అనే ప్రకటన నిరోధకాన్ని తయారుచేశారు. 2015లో ఆ ప్రాజెక్టును మరొకరికి అప్పగించి, తన పనిని యూబ్లాక్ ఆరిజిన్ పేరుతో విడిగా కొనసాగించారు. పాత పేరుతో మిగిలిన యూబ్లాక్ 2018లో యాడ్‌బ్లాక్ సంస్థ చేతికి వెళ్లింది. తర్వాత కొన్ని ప్రకటనలకు దారి వదిలే ‘యాక్సెప్టబుల్ యాడ్స్’ పథకంలో చేరింది. ఆరిజిన్ కోడ్ ఎవరైనా చదవవచ్చు. హిల్ విరాళాలు కూడా తీసుకోరు.

ఎక్స్‌టెన్షన్లకు గూగుల్ తెచ్చిన మ్యానిఫెస్ట్ వీ3 నిబంధనల వల్ల క్రోమ్‌లో యూబ్లాక్ ఆరిజిన్ నిలిచిపోయింది. పేజీ నుంచి వెళ్లే ప్రతి అభ్యర్థననూ అప్పటికప్పుడు పరీక్షించి ఆపే అధికారాన్ని ఆ నిబంధనలు తీసేశాయి. ముందే రాసిచ్చిన నియమాల ప్రకారం బ్రౌజరే ఆపుతుంది. అందుకు తగ్గట్టు చేసిన యూబ్లాక్ ఆరిజిన్ లైట్ శక్తి కొంత తక్కువే అయినా, ప్రతి సైటునూ చదివే అనుమతి లేకుండానే చాలావరకు పనిచేయగలదు. ఫైర్‌ఫాక్స్‌లో అసలు రూపమే ఇంకా నడుస్తోంది.

ఏవి చాలు

చాలామందికి ఒక ప్రకటన నిరోధకం, ఒక పాస్‌వర్డ్ మేనేజర్ సరిపోతాయి. బిట్‌వార్డెన్ వంటి మేనేజర్ సైటు చిరునామా సరిపోలితేనే పాస్‌వర్డ్ నింపుతుంది. చూడ్డానికి అచ్చం బ్యాంకు పేజీలా ఉన్న నకిలీని కన్ను పోల్చుకోలేకపోయినా అది పోల్చుకుంటుంది. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2014 నుంచి ఇస్తున్న, ట్రాకర్లను అడ్డుకునే ప్రైవసీ బ్యాడ్జర్ కూడా నమ్మదగినదే. అదే సంస్థ టార్ ప్రాజెక్టుతో కలిసి చేసిన, సైట్లను ఎన్‌క్రిప్టెడ్ మార్గంలో తెరిచే హెచ్‌టీటీపీఎస్ ఎవ్రీవేర్ అవసరం ఇప్పుడు తీరిపోయింది, ఆ పని బ్రౌజర్లే చేస్తున్నాయి. రెండు నిరోధకాలు కలిపి పెట్టుకుంటే ఒకదానికొకటి అడ్డు. పైగా ఏయే ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయో కొన్ని సైట్లు పసిగట్టి, ఆ కలయికనే మన గుర్తుగా వాడుకోగలవు.

క్రోమ్‌లో ఒక్కో ఎక్స్‌టెన్షన్‌నూ క్లిక్ చేసినప్పుడే, లేదా ఎంచుకున్న సైట్లలోనే పనిచేసేలా కట్టడి చేయవచ్చు. కూపన్లు వెతికేవాటికి, స్క్రీన్‌షాట్లు తీసేవాటికి అంతకుమించి ఇవ్వనక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లోని క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు పెట్టుకునే వీలు లేదు. ఫైర్‌ఫాక్స్ మాత్రం 2023 డిసెంబరు నుంచి ఆండ్రాయిడ్‌లో వందలాది ఎక్స్‌టెన్షన్లకు తలుపు తెరిచింది. యూబ్లాక్ ఆరిజిన్ అంతకుముందే అక్కడ ఉంది.