యాషికాకి సెల్లు, కొండాపూర్‌కి వయసు

సైబర్ టవర్స్‌ని 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించేనాటికి మాదాపూర్ చుట్టూ జనం కన్నా బండలే ఎక్కువ. ఆ తర్వాత ఊరు కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ మీదుగా పరుచుకుంటూ పోయింది. ఆఫీసుల వెంట హాస్టళ్లు, హాస్టళ్ల వెంట కర్రీ పాయింట్లు, వాటి వెనకాలే అపార్టుమెంట్లు, మాల్స్ వచ్చాయి. 2019లో మెట్రో వచ్చింది, మరుసటేడు దుర్గం చెరువు మీద తీగల వంతెన లేచింది. ఇన్ని వచ్చినా రిపేరు గల్లీ అన్నది మాత్రం ఇక్కడ పుట్టలేదు. దిగినవాళ్లలో చాలామంది పాతికేళ్ల పిల్లలు. బాగుచేయించుకోవాల్సినంత పాత వస్తువు వాళ్ల దగ్గర ఏముంటుంది?

ఇప్పుడు ఉంది. సొంతూళ్లో ఇంటికి తాళం వేసి అమ్మానాన్నల్ని తెచ్చుకున్న ఇళ్లలో వాళ్ల సామానుతో పాటు ఫిల్మ్ కెమెరాలూ దిగాయి. మా ఇంట్లో దిగింది యాషికా మ్యాట్ 124జీ. 1970లో వచ్చిన మోడల్. పెళ్లిళ్లలో ఫొటోగ్రాఫరు మెడకి తగిలించుకుని, పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి పైనుంచి చూసేవాడే, ఆ రెండు లెన్సుల కెమెరా. పైమూత లేపగానే లైట్ మీటరు ఆన్ అవుతుంది, చిన్న కిటికీలో ముల్లు కదులుతుంది. షట్టరుకి కరెంటు అక్కర్లేదు, స్ప్రింగు చాలు. ముల్లు కదలడానికి మాత్రం పీఎక్స్625 అనే మెర్క్యురీ సెల్లు కావాలి.

ఆ సెల్లు ఇప్పుడు తయారవడం లేదు. మెర్క్యురీ సెల్లు 1.35 వోల్టులు ఇస్తుంది, అయిపోయే దాకా దాదాపు అంతే ఇస్తుంది. అందుకే ఆనాటి ఇంజనీర్లు మీటరులో వోల్టేజిని సరిదిద్దే ఏర్పాటు పెట్టకుండా సెల్లునే నమ్ముకున్నారు. పాదరసం నీళ్లలో కలిస్తే ఏమవుతుందో జపాన్‌లోని మినమాటా 1956లోనే లోకానికి చూపించింది. అమెరికా 1996లో ఈ సెల్లులు అమ్మకూడదని చట్టం చేసింది, యూరప్ అదే దారి పట్టింది. ఆ ఊరి పేరుతోనే వచ్చిన అంతర్జాతీయ ఒప్పందానికి 2018లో మన దేశమూ ఆమోదం తెలిపింది. నిషేధం సబబే. తిప్పలు కెమెరా ఉన్నవాళ్లవి.

అదే సైజులో ఆల్కలైన్ సెల్లు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దాన్ని వేస్తే ముల్లు చక్కగా కదులుతుంది, కానీ లెక్క తప్పు చెబుతుంది. కొత్త ఆల్కలైన్ సెల్లు వోల్టేజి ఒకటిన్నర. ఎక్కువ కరెంటు వచ్చేసరికి మీటరు వెలుతురు ఎక్కువుందనుకుంటుంది, ఆ లెక్కన తీస్తే ఫొటో నల్లబడుతుంది. పోనీ అంత తేడా అని గుర్తుపెట్టుకుందామా అంటే, వాడేకొద్దీ వోల్టేజి జారిపోతూ తేడా కూడా మారుతుంటుంది. పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్ఎం ఉన్నవాళ్లకి ఈ గొడవ లేదు. వాటికి వాచీ షాపులో దొరికే ఎల్ఆర్44 సరిపోతుంది, ఎస్ఆర్44 అయితే ఇంకా మేలు.

ఇలాంటి వెతుకులాటకి మా వైపువాళ్లు పట్టేది కోఠీ దారే. ఒకప్పుడు 127కె బస్సు, ఇప్పుడు మెట్రో. అమీర్‌పేటలో మారి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగితే గుజరాతీ గల్లీకి నడిచిపోవచ్చు. అక్కడ కౌంటరు వెనకున్న పెద్దాయన సెల్లు నంబరు వింటూనే తేల్చేశాడు: "అది ఎప్పుడో బందైంది సార్. చెవి మిషన్ సెల్లు పెట్టుకోండ్రి, నడుస్తది." కోఠీలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది కాబట్టి ఆ మాట అక్కడివాళ్ల నోట్లో ఆడుతుంది.

ఆయన చెప్పింది 675 సైజు జింక్ ఎయిర్ సెల్లు. ఆరేసి ఉండే అట్టల్లో వస్తుంది, ప్రతి సెల్లుకీ నీలం స్టిక్కరు. స్టిక్కరు పీకితే సన్నని చిల్లులు కనిపిస్తాయి. వాటిలోంచి గాలి లోపలికి పోతేనే సెల్లు పనిచేస్తుంది, అందుకే పీకాక రెండు నిమిషాలు ఆగాలి. ఇచ్చేది 1.4 వోల్టులు, అదీ నిలకడగా. అడ్డం 11.6 మిల్లీమీటర్లే కాబట్టి దాదాపు 16 మిల్లీమీటర్ల గదిలో అటూ ఇటూ జారుతుంది. హార్డ్‌వేర్ షాపులో ఓ రబ్బరు రింగు కొని చుట్టూ బిగిస్తే కదలదు. చిల్లులు మూసుకుపోకుండా చూసుకోవాలి. ఒకసారి స్టిక్కరు పీకాక వాడినా వాడకపోయినా కొన్ని వారాల్లో ఎండిపోతుంది, మన ఏప్రిల్, మే నెలల పొడిగాలికి ఇంకా త్వరగా.

మీటరు సరిగ్గా చెబుతోందో లేదో చూడటానికి మా ప్రాంతం మంచి చోటు. ముందు ఏమున్నా దాన్ని నడిమి బూడిదరంగు అనుకుని లెక్కగట్టడం మీటరు స్వభావం. ఎండలో మెరిసే అద్దాల టవరు వైపు తిప్పితే ముల్లు ఎగిరిపడుతుంది, ముందు నిలబడ్డ మనిషి మొహం నల్లగా వస్తుంది. దుర్గం చెరువు పక్కన మిగిలిన బండ మీద పెట్టి, ఫోనులోని మీటరు యాప్‌తో పోల్చుకుంటే సెల్లు సంగతి తేలిపోతుంది. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు అది. వీటిని పిండి చేసేస్తున్నారన్న బాధతోనే నగరంలో కొందరు 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ పెట్టుకున్నారు.

ఈమధ్య 675 కోసం కోఠీ దాకా పోవాల్సిన పని తప్పింది. కొండాపూర్‌లోనే చెవి మిషన్ల సెంటర్లు వెలిశాయి. మొదట్లో వచ్చిన పాతికేళ్ల పిల్లలకి యాభై దాటుతున్నాయి, వాళ్ల అమ్మానాన్నలు ఇక్కడి లిఫ్టుల్లో, పార్కుల్లో కనిపిస్తున్నారు. అలాంటి ఓ సెంటర్లో అమ్మాయి "అమ్మగారికా సార్, నాన్నగారికా?" అని అడిగింది. కెమెరాకని చెబితే నవ్వేసి, ఇప్పుడంతా చార్జింగ్ మిషన్లే తీసుకుంటున్నారని, ఈ సెల్లులు అడిగేవాళ్లు తగ్గుతున్నారని చెప్పింది. కాబట్టి ఇదీ ఎల్లకాలం నడిచే ఏర్పాటు కాదు. ముందుచూపున్నవాళ్లు సిల్వర్ ఆక్సైడ్ సెల్లు 1.55 వోల్టుల్ని డయోడుతో తగ్గించే అడాప్టరు తెప్పించుకుంటున్నారు. ఏదీ దొరకని రోజు వంద స్పీడు ఫిల్ముకి మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎఫ్16, సెకనులో 125వ వంతు పెట్టుకుంటే చాలు. తాతగారి కెమెరాలో పాత మెర్క్యురీ సెల్లు ఇంకా ఉంటే మాత్రం చెత్తబుట్టలో వేయకండి. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి విడిగా ఇవ్వండి.