పోయిన పరపతికి గడువు: మౌంట్ ఆల్బర్ట్ నుంచి ఒక చరిత్ర

అప్పు కట్టలేక చేతులెత్తేసిన మనిషికి మళ్ళీ ఎన్నాళ్ళకు అప్పు పుట్టాలి? ఈ ప్రశ్నకు న్యూజిలాండ్ నూట యాభై ఏళ్ళుగా చట్టాల్లో జవాబు చెబుతూ వచ్చింది. ఆ జవాబుకు నేటి రూపం ఇచ్చిన 2003, 2006, 2019 చట్టాలు వెలువడినప్పుడు దేశ ప్రధాని ఆక్లండ్‌లోని మౌంట్ ఆల్బర్ట్ నియోజకవర్గ సభ్యురాలే. మొదటి రెండూ హెలెన్ క్లార్క్ కాలానివి, మూడోది జసిండా ఆర్డెర్న్ కాలానిది.

మౌంట్ ఆల్బర్ట్ ఒక పాత అగ్నిపర్వతపు గుట్ట. మావోరీలు దాన్ని ఓవైరాకా అంటారు. 1880లో రైలు రావడంతో చుట్టూ ఇళ్ళు లేచాయి, 1911 నాటికి అది బరోగా, అంటే సొంత పురపాలక సంఘం ఉన్న పట్టణంగా ఎదిగింది. ఇలాంటి శివార్లు పెరిగింది ఎక్కువగా తాకట్టు అప్పుల మీదే. వాయిదా తప్పితే ఇల్లు పోయే ప్రమాదం మొదటి నుంచీ వెన్నంటే ఉండేది.

బ్రిటిష్ వలస తొలి రోజుల్లో బాకీ పడ్డవాణ్ణి జైల్లో పెట్టేవారు. 1874 చట్టం ఆ శిక్షను చాలావరకు తీసేసింది. కట్టే స్తోమత ఉండీ కట్టనివారికి మాత్రమే జైలు అన్న సూత్రం 1908 చట్టంలో స్థిరపడింది. కట్టలేనివాడు వేరు, కట్టనివాడు వేరు అని చట్టం గుర్తించడమే ఈ చరిత్రలో తొలి మెట్టు.

1930ల ఆర్థిక మాంద్యం రెండో మెట్టు ఎక్కించింది. 1931లో వచ్చిన చట్టం తాకట్టుదారులకు ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇచ్చింది. 1936లో లేబర్ ప్రభుత్వం ఇంకో అడుగు వేసింది. పడిపోయిన ఆస్తి విలువకు తగ్గట్టు బాకీని కుదించే అధికారాన్ని సర్దుబాటు కమిషన్లకు అప్పగించింది. ఇటు భారత్‌లో తెలుగువారి కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అక్కడా ఇదే మాంద్యం దెబ్బకు 1938లో వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం వచ్చింది. పాత అప్పుల మీద పేరుకున్న వడ్డీని కొట్టేసి, అసలుకు రెట్టింపు కట్టేసిన రైతును బాకీ నుంచి పూర్తిగా విడిపించింది.

దివాలా తీసిన వ్యక్తికి మూడేళ్ళలో విముక్తి అన్న పద్ధతి న్యూజిలాండ్‌లో 1967 చట్టంతో వచ్చింది. అయితే పెద్ద వ్యాపారికీ, క్రెడిట్ కార్డు బాకీలో కూరుకుపోయిన జీతగాడికీ అదే దివాలా ముద్ర. 2006 దివాలా చట్టం ఈ లోటు తీర్చింది. 2007 డిసెంబర్ నుంచి అమ్మడానికి ఆస్తులు లేని చిన్న బాకీదారుల కోసం ‘నో అసెట్ ప్రొసీజర్’ అమల్లోకి వచ్చింది. మొదట 40 వేల డాలర్లుగా ఉన్న బాకీ పరిమితి తర్వాత 50 వేలకు పెరిగింది. పన్నెండు నెలలు గడిస్తే అందులో చేరిన బాకీలు రద్దవుతాయి. జరిమానాలు, పిల్లల పోషణ ఖర్చు, విద్యా రుణం వంటివి మాత్రం మిగులుతాయి. ఈ అవకాశం జీవితంలో ఒక్కసారే.

2003 రుణ ఒప్పందాల చట్టం దివాలా దాకా వెళ్ళకుండా ఆపే దారి చూపింది. జబ్బు, ఉద్యోగం పోవడం, కాపురం విడిపోవడం వంటి అనుకోని కష్టం వచ్చినవారు గడువు పెంచి వాయిదా తగ్గించమని అప్పిచ్చిన సంస్థను కోరవచ్చు. మొదట్లో వాయిదా తప్పకముందే అడగాల్సి వచ్చేది. 2015లో అమల్లోకి వచ్చిన సవరణ, బకాయి పడి రెండు నెలలు నిండనివారికీ ఆ హక్కు ఇచ్చింది.

బాకీ రద్దయినా పరపతి రికార్డు మిగులుతుంది. అందుకే ప్రైవసీ కమిషనర్ 2004లో క్రెడిట్ రిపోర్టింగ్ నియమావళి తెచ్చారు. ఇల్లు మారేటప్పుడు మరిచిపోయిన 125 డాలర్ల కరెంటు బిల్లు చాలు, వసూలు ప్రయత్నాలు ఫలించక నెల దాటితే ఎగవేతగా రికార్డుకెక్కవచ్చు. తర్వాత కట్టేసినా అది ఐదేళ్ళు ఉంటుంది, కట్టినట్టు పక్కన నమోదవుతుంది. దివాలా వివరం విముక్తి తర్వాత నాలుగేళ్ళు ఉంటుంది. రెండోసారి దివాలా తీసినవారి పేరు ప్రభుత్వ జాబితాలో శాశ్వతం. తన రిపోర్టును ఉచితంగా తెప్పించుకుని చూసుకోవడం, తప్పుంటే దిద్దించుకోవడం ప్రతివారి హక్కు. నిజమైన నమోదును మాత్రం డబ్బు పుచ్చుకుని ఎవరూ చెరపలేరు. దానికి గడువు తీరడమొక్కటే మార్గం.

2012 వరకు ఈ రికార్డుల్లో ఎక్కేది ప్రధానంగా చెడే. ఆ ఏడాది నుంచి గత 24 నెలల చెల్లింపులు కూడా చేర్చడానికి అనుమతి వచ్చింది. దీంతో చితికిపోయినవారికి గడువు తీరేదాకా చేతులు కట్టుకు కూర్చునే అవసరం తప్పింది. చిన్న బిల్లయినా నెలనెలా వేళకు కడితే అది వారి తరఫున సాక్ష్యం అవుతుంది. భారత్ నుంచి కొత్తగా వచ్చినవారికీ ఇది మేలే. అక్కడి పరపతిని కొలిచే సిబిల్ స్కోరు వెంట రాదు కాబట్టి వారు ఖాళీ రికార్డుతో మొదలుపెట్టాలి.

పరపతి దెబ్బతిన్నవారికి బ్యాంకులు తలుపు మూస్తే మిగిలేది అధిక వడ్డీ అప్పులే. పాత బాకీ తీర్చడానికి చేసిన అలాంటి అప్పు ఎందరినో మళ్ళీ మొదటికి తెచ్చింది. 2003 రుణ ఒప్పందాల చట్టానికి 2019లో చేసిన సవరణ దీన్ని అడ్డుకుంది. ఏడాదికి 50 శాతం దాటిన వడ్డీ ఉన్న అప్పుల మీద 2020 నుంచి రోజుకు 0.8 శాతం మించి వసూలు చేయకూడదు. వడ్డీ, రుసుములు అన్నీ కలిపినా అసలును మించకూడదు. వడ్డీ అసలును దాటరాదన్నది భారతదేశంలో దామ్‌దుపట్ పేరుతో ధర్మశాస్త్రాల కాలం నుంచీ ఉన్న న్యాయమే. జైలుతో మొదలైన ఈ చట్టాల వరుస శిక్షకు హద్దు పెట్టింది, బాకీకి గడువు పెట్టింది, రికార్డుకు గడువు పెట్టింది, చివరికి వడ్డీకీ హద్దు గీసింది. కష్టకాలంలో తప్పిన వాయిదా మనిషిని జీవితాంతం వెంటాడకుండా చేస్తున్నవి ఈ నాలుగు హద్దులే.