దుఃఖం నుంచి ఆసుపత్రి దాకా

తల్లి పోతే ఏడుస్తాం, తద్దినం పెడతాం. ఆ దుఃఖమే నలుగురికి ఆసరా అయిన చరిత్ర కూడా మన దక్షిణాదిలో ఉంది.

ఎన్.టి. రామారావుగారి భార్య బసవతారకంగారు 1985లో క్యాన్సర్‌తో పోయారు. ఆమె పేరిట హైదరాబాద్‌లో క్యాన్సర్ ఆసుపత్రి 2000లో మొదలైంది. అప్పటికి రామారావుగారూ లేరు. తర్వాత కొడుకు బాలకృష్ణగారు దాని ఛైర్మన్ అయ్యారు.

అంతకు చాలా ముందే మద్రాసులో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డిగారి చెల్లెలు క్యాన్సర్‌తో పోయారు. ఆవిడ పట్టుదలతో 1954లో అడయారులో 12 మంచాలతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. కొడుకు కృష్ణమూర్తిగారు అక్కడే డాక్టరుగా పనిచేశారు.

రెండు చోట్లా ఒకరి దుఃఖం తర్వాతి తరానికి పనిగా మారింది.

మా అమ్మ కూడా ఈ జబ్బుతోనే పోయింది. ఆసుపత్రి కట్టే స్తోమత మాకెక్కడిది? కానీ ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం నేర్చుకున్నాం. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వైద్యానికి బెంగళూరు వచ్చేవాళ్లకు కన్నడ చీటీలు చదివి చెప్తాం, క్యూలో తోడుంటాం. మీ ఇంట్లోనూ రెండు భాషలు వచ్చినవాళ్లు ఉంటారు కదా. వారానికి ఒక్క పూట చాలు.